మెట్ల కింద మీటర్లు: కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి,

నేను ముప్పైరెండేళ్లు కరెంటు ఆఫీసులో చాకిరీ చేసి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. పుట్టింది దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పల్లెలో. ఇప్పుడుంటున్నది బందరులో, ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో. కింద బళ్లు పెట్టుకునే స్టిల్టు, పైన ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగేసి ఇళ్లు, ఒక లిఫ్టు, ఒకటే మెట్లదారి. కోనేరు సెంటరులో నిలబడి ఏ వైపు నడిచినా ఇలాంటివి మీకు కనబడతాయి. గుడివాడలోనూ అంతే. ఇప్పుడు అవనిగడ్డ దాకా వచ్చేశాయి.

పోయిన వేసవిలో ఒకనాడు రాత్రి రెండు దాటాక, కిందింటి పసిపిల్ల ఏడుపుకు మెలకువొచ్చింది. కరెంటు లేదు. ఏదో కాలిన వాసన. నా ముక్కుకు ఆ వాసన కొత్త కాదు. కేబులు పైతొడుగు కాలుతోందని మంచం మీదుండగానే తెలిసిపోయింది. తెలిసినవాడు ఏం చెయ్యాలి? నేను చేసింది చెబుతాను, నవ్వుకుంటే నవ్వుకోండి. లుంగీ బిగించి, టార్చి పట్టుకుని, వీధి తలుపు బార్లా తీసి మెట్లు దిగబోయాను. మూడో మెట్టు మీద టార్చి వెలుగు బెత్తెడు దూరం కూడా పోలేదు. నాలుగో మెట్టు దగ్గర ఊపిరి అందలేదు. వెనక్కి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. చొక్కా పట్టుకుని లాగానని మా ఆవిడ అంటుంది. తలుపు మూసేసరికే హాలు సగం పొగతో నిండిపోయింది. తీసి ఉంచింది నేనే మరి.

కింద జరిగింది పెద్ద ఘోరమేమీ కాదు. మెట్ల కింద మీటర్ల బోర్డులో కేబులు కొసను బిగించే లగ్గు ఒకటి వదులై, వేడెక్కి, కేబులు అంటుకుంది. ఆ బోర్డుకు ఆనించి పెట్టిన స్కూటరు సీటు కూడా అంటుకుంది. కాలింది ఒక బోర్డు, ఒక స్కూటరు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు ఎగిరిపోయి ఉండబట్టి సరిపోయింది, వాచ్‌మన్ ఇసుక చల్లి చాలావరకు అణిచేశాడు. తర్వాత ఫైరింజను వచ్చింది. ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఆ అరగంటలో ఐదో అంతస్తువాళ్లు టెర్రస్ మీదికి పోదామని ఎక్కితే తలుపుకు తాళం. తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గర. సెక్రటరీ గారు కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్లి ఉన్నారు.

ఆ రాత్రి నుంచి నాకు ఒకటే చింత. పట్టుమని పది రూపాయలు చెయ్యని లగ్గు ఒకటి ఇరవై ఇళ్లవాళ్లను ఎలా బంధించగలిగింది? పాత పేపర్లు తీసి చూడటం మొదలుపెట్టాను.

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు లేచాయి. కోవిడ్ రోగులను ఉంచిన భవనం అది. నిప్పు కింద, రోగులు పై గదుల్లో. పది మంది పోయారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదు రూబీ లాడ్జిలో ఎనిమిది మంది పోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన అద్దెకు దిగినవాళ్లు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో, అచ్చంగా మనలాంటి సంసారులు కాపురముండే అపార్ట్‌మెంటులో, కింద నిలవ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది పోయారు. 2025 మే 18న చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. పైనున్నవాళ్లు కిందికి రావడానికి అక్కడ ఇరుకు మెట్లదారి ఒక్కటే ఉంది. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న ఆరుగురు పిల్లలు పోయిన సంగతి కొంచెం వేరు, అక్కడ నిప్పు పై అంతస్తుల్లోదే. అయినా అక్కడ కూడా వాళ్లను చంపింది మంట కాదు, పొగే.

ఆ ఒక్కటి తప్ప మిగతావాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒకే బొమ్మ కనబడింది కలెక్టర్ గారూ. నిప్పు కింద, పొగ మెట్ల మీద, మనుషులు పైన. మా అపార్ట్‌మెంటులో ఆ రాత్రి ఉన్నదీ ఆ బొమ్మే. కాకపోతే మాది చిన్న సైజుది.

మెట్లు మనుషులు నడవడానికి కట్టినవని మనం అనుకుంటాం. పొగకు ఆ తేడా తెలియదు. దానికి అది కింది నుంచి పైదాకా నిలువుగా లేచిన పొగగొట్టం. వేడిపొగ తేలిక కాబట్టి క్షణాల్లో పైకి పోతుంది. పైన టెర్రస్ తలుపు మూసి ఉంటే గొట్టానికి మూత పెట్టినట్టే. అప్పుడు ఆ పొగ ఐదో అంతస్తు దగ్గర పోగుపడి, నాలుగుకు, మూడుకు దిగుతుంది. కేబులు పైతొడుగు కాలితే వచ్చే పొగలో కళ్లు, గొంతు మండించే ఆమ్లపు ఆవిరి ఉంటుంది. అదైనా నయం, మనిషిని లేపుతుంది. దానితోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలన్నారు. నిజమే గాని, ఫ్లాటులో ఉన్నవాడికి నిప్పు కనబడేలోపే పొగ వచ్చి పని ముగించుకుపోతుంది.

ఇక్కడ మా దివిసీమ సంగతి కొంచెం చెప్పుకోనివ్వండి.

మా చిన్నప్పుడు ఊరంతా తాటాకు ఇళ్లే. ఎండాకాలం పొద్దెక్కాక పడమటిగాలి లేస్తే మా నాయనమ్మ పొయ్యిలో నిప్పు ఉంచనిచ్చేది కాదు. వంట పొద్దున్నే అయిపోవాలి, బూడిద మీద నీళ్లు చల్లాలి, చుట్ట కాల్చే మగాళ్లు చెరువు గట్టుకు పోవాలి. అంత జాగ్రత్తగా ఉన్నా రెండేళ్లకో మూడేళ్లకో ఊళ్లో ఎక్కడో ఒక చూరు అంటుకునేది. అప్పుడు అందరూ చేసే మొదటి పని ఏమిటో తెలుసా? గొడ్ల పలుపులు కోసెయ్యడం. తర్వాత ముసలివాళ్లను, పసిపిల్లలను వీధిలోకి మొయ్యడం. ఆ తర్వాతే కావిడి బిందెలు. గాలివాటున ఉన్న పక్కపాక కప్పును దోటితో లాగి నేల మీద పడేసేవాళ్లు, మంట దాటకుండా. ఇల్లు పోయేది, గింజలు పోయేవి, ఒక్కోసారి వాడంతా పోయేది. మనిషి మాత్రం సాధారణంగా మిగిలేవాడు. ఎందుకంటే గుమ్మం దాటితే వీధి, తలెత్తితే ఆకాశం.

తర్వాత 1977 నవంబరు 19 వచ్చింది. అప్పుడు నాకు పదిహేనేళ్లు. సముద్రం ఊళ్ల మీదికి లేచిన ఆ రోజు గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు, దస్త్రాలన్నీ మీ ఆఫీసులోనే ఉంటాయి. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. పాలకాయతిప్పలాంటి ఊళ్లు ఊళ్లుగా మిగల్లేదు. బతికినవాళ్లు ఎత్తెక్కి బతికారు. బడి డాబా, గుడి కప్పు, తాటిచెట్టు, ఏది దొరికితే అది. మాకు ఆ ఒక్కరాత్రి నేర్పిన పాఠం ఎముకల్లోకి ఇంకింది: ఎత్తుకు పో, గట్టి కప్పు కిందికి పో. దానికి నూట పదమూడేళ్ల ముందు, 1864 నవంబరు 1న, బందరు నేర్చుకున్నదీ అదే పాఠం. ఆ ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారని చెబుతారు. అందుకే స్తంభాల మీద తుపాను షెల్టర్లు కట్టారు, అందుకే తాటాకు పోయి శ్లాబు వచ్చింది. ఆ పాఠం ఎంత బాగా నేర్చుకున్నామంటే, మా తరంలో ఎవడికి నాలుగు రూపాయలు కూడినా మొదట శ్లాబిల్లు, తర్వాత ఫ్లాటు.

నీళ్లు వస్తే ఎత్తెక్కాలి. నిజం. నిప్పు వస్తే ఆ ఎత్తే ఉచ్చు. ఈ రెండో పాఠం మాకెవరూ చెప్పలేదు. మా నాయనమ్మకు తాటాకింట్లో ఎలా బతకాలో తెలుసు. నాకు నాలుగో అంతస్తులో ఎలా బతకాలో తెలియదు, పైగా నాది కరెంటు ఉద్యోగం! దొంగల భయంతో బాల్కనీకి నిలువెత్తు ఇనుప గ్రిల్లు బిగించి, దానికి తాళం వేసి, తాళంచెవి బీరువాలో పెట్టాను. గొడ్డుకైనా పలుపు కోసేవాడు ఉండేవాడు. మా పలుపు మేమే కట్టుకుని కూర్చున్నాం.

సరే, చట్టం ఏమంటుంది? ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999లో వచ్చింది. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల్లో ఎత్తైన భవనం అంటే 18 మీటర్లు, ఆ పైన. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 మాత్రం 15 మీటర్ల నుంచే ఎత్తైనదిగా లెక్కించమంది. రాష్ట్రం గీసిన ఆ 18 మీటర్ల గీత దాటిన ఇళ్లకు అగ్నిమాపక శాఖ అనుమతి, రెండో మెట్లు, గొట్టాల్లో నీళ్లు, అలారాలు అన్నీ కావాలి. మన బందరు, గుడివాడ అపార్ట్‌మెంట్లను ఒకసారి కొలిపించి చూడండి. నూటికి తొంభై ఆ గీతకు జానెడు కింద ఆగి ఉంటాయని నా అనుమానం. బిల్డర్లను తిట్టడానికి చెప్పడం లేదు. గీత ఉన్నచోట ఆగడం వ్యాపారం. కానీ పొగకు మీటర్ల లెక్క రాదు కదా. పదిహేడున్నర మీటర్ల భవనంలో ఐదో అంతస్తు ముసలావిడకు, పంతొమ్మిది మీటర్ల భవనంలో ఐదో అంతస్తు ముసలావిడకు ఊపిరితిత్తులు ఒకటే.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న తగలబడి 72 మంది పోయారు. ఇరవై నాలుగు అంతస్తులకు ఒకటే మెట్లదారి. ఆ తర్వాత 2023లో అక్కడి ప్రభుత్వం 18 మీటర్లు దాటే కొత్త నివాస భవనాలకు రెండో మెట్లు ఉండాలని తేల్చింది. చూశారా, వాళ్ల గీతా మన గీతా ఒక్కచోటే! గీత లోపల ఉన్నవాళ్ల సంగతి వాళ్లూ తేల్చలేదు, మనమూ తేల్చలేదు. 2025 నవంబరులో హాంకాంగ్‌లో ఒక నివాస సముదాయం తగలబడి నూట యాభై మందికి పైగా పోయారు. ఎత్తైన భవనాలకు అన్ని నియమాలూ ఉన్న ఊరు అది. అయినా అలారాలు సరిగా మోగలేదని తేలింది. కాబట్టి రాసిపెట్టిన నియమం ఒక్కటే సరిపోదని కూడా ఒప్పుకుంటున్నాను.

ఈ లేఖ ఫైరాఫీసుకు కాకుండా, మున్సిపాలిటీకి కాకుండా మీకెందుకు రాస్తున్నానంటే, గీత కింద ఉన్న భవనం ఎవరి పద్దులోనూ పూర్తిగా లేదు. ప్లానింగువాళ్లు సెట్‌బ్యాక్ కొలిచి వెళ్లిపోతారు. కరెంటువాళ్ల పని మీటరు దాకే, ఆ తర్వాత వైరింగు వినియోగదారుడిది. ఈ మాట సర్వీసులో ఉండగా నేనే వేలసార్లు అన్నాను. గ్యాసువాళ్ల పని సిలిండరు దించేదాకా. ఫైరువాళ్లు ఫోను వస్తే వస్తారు. అందరూ తమ తమ పని చేస్తున్నారు, మెట్లు మాత్రం ఎవరివీ కావు. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరు. ఈ నలుగురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగల కుర్చీ జిల్లాలో మీదొక్కటే. తుపాను హెచ్చరిక వస్తే మీ ఆఫీసు ఎంత చురుగ్గా కదులుతుందో ఎన్నోసార్లు చూశాం. రాత్రికి రాత్రి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ చురుకులో పదో వంతు ఇటు తిప్పమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు మెట్ల కింది మీటర్ల బోర్డు. నా కడుపులో ఉన్న బాధంతా దాని గురించే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

బందరు గాలి ఉప్పుగాలి. రాగి కమ్మీల మీద ఏడాది తిరగకుండానే పచ్చగా చిలుము పడుతుంది. అల్యూమినియం కేబులును రాగి కమ్మీకి నేరుగా బిగిస్తే ఈ గాలికి ఆ రెండు లోహాల మధ్య తుప్పు ఇంకా తొందరగా చేరుతుంది. అందుకు వేరే రకం లగ్గులున్నాయి, వేసేవాళ్లు తక్కువ. తుప్పు చేరితే అతుకు వదులవుతుంది, వదులైతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది. ఫ్యూజు దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే పోయే కరెంటు మామూలుగానే ఉంటుంది, వేడి అతుకు దగ్గరే పుడుతుంది. దీనికి తోడు బరువు. ఇరవై ఏళ్ల కిందట ఫ్లాటుకు రెండు కిలోవాట్ల లెక్కన మెయిన్ కేబులు లాగిన భవనాలున్నాయి. అప్పుడు నాలుగు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు. ఇప్పుడు ఇంటికి రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి, కింద స్కూటరు చార్జింగు. కేబులు మాత్రం అదే. మే నెల రాత్రి పదకొండు గంటలకు మా బోర్డు తలుపు మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉండేది. నేను రోజూ దాని పక్క నుంచే నడిచాను. రిటైరైనవాడికి ఎందుకులే అనుకున్నాను.

ఆ బోర్డును మెట్ల కింద ఎందుకు పెడతారంటే, ఆ చోటు మరి దేనికీ పనికిరాదని. చార్జింగు స్కూటర్లు దాని పక్కనే ఎందుకంటే, ప్లగ్గు అక్కడే ఉందని. పాత సోఫా, అమ్మకుండా ఉంచిన పేపర్ల కట్టలు, మిగిలిన పెయింటు డబ్బాలు, ఖాళీ సిలిండరు, అన్నీ అక్కడికే చేరతాయి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంటి పడకగదిలో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటాయన ప్రాణం పోయింది. లిథియం బ్యాటరీ ఒకసారి లోపల అదుపు తప్పితే దానికి బయటి గాలితో పని లేదు, తన వేడితో తానే రగులుతుంది. అలాంటిది మెట్ల మొదట్లో రగిలితే ఏమవుతుందో రూబీ లాడ్జి చెప్పింది.

కాబట్టి నా విన్నపం ఇది. జిల్లాలో ఒకటే మెట్లదారి ఉన్న భవనాలెన్ని, వాటిలో ఎన్నింటికి మీటర్ల బోర్డు మెట్ల కింద ఉంది, వచ్చే వేసవిలోపు లెక్క తీయించండి. వార్డు సచివాలయాల్లో మనుషులున్నారు, ఒక ఫారం, ఒక ఫోటో చాలు. లెక్క వచ్చాక, కొత్తగా ప్లాను ఇచ్చే వాటికి బోర్డు బయటి గోడకో, తలుపున్న విడిగదిలోకో పోవాలని పట్టుబట్టండి. పాతవాటిని ఒక్కరోజులో జరపలేం, ఖర్చు నాకు తెలుసు. వాటికి కనీసం బోర్డు చుట్టూ మండని గోడ, తలుపు కట్టించి, చుట్టూ బండి నిలపకుండా ఎర్రగీత గీయించండి. ఏడాదికొకసారి, ఎండలు ముదరకముందే, లగ్గులన్నీ బిగించి, వేడి చూసే తుపాకీతో ఒకసారి చూపించుకున్నట్టు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కాగితం ఇవ్వాలి. ఆ పరికరం ఇప్పుడు స్మార్టుఫోను కన్నా చవక. స్కూటర్ల చార్జింగు స్టిల్టు బయటి అంచుకు, విడి ఎంసీబీతో. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద చార్జింగు పెడితే మాత్రం ఆ ప్లగ్గు పీకెయ్యమని నా సలహా. దీనిమీద మొహమాటం అక్కర్లేదు.

టెర్రస్ తలుపు గురించి ఒక ఉత్తర్వు చాలు. తాళం వద్దు, లోపలి వైపు గడియ చాలు. బట్టలు పోతాయి, ప్రేమజంటలు చేరతాయి, పిల్లలు ఎక్కుతారు అని అసోసియేషన్లు అంటాయి. మా అసోసియేషన్ కూడా అంది, మూడు మీటింగులు దీనికే సరిపోయాయి. చివరికి తలుపు పక్కన చిన్న అద్దం పెట్టెలో తాళంచెవి పెట్టి, పగలగొట్టడానికి ఒక సుత్తి వేలాడదీశాం. ఇంకా మంచిది, మెట్ల పైకొసన గోడకు ఎప్పుడూ తెరిచి ఉండే జాలీ. పొగ పోవడానికి దారి ఉంటే మనిషికి పది నిమిషాలు దొరుకుతాయి.

ఇంకో లెక్క కూడా కావాలి, ఇది మరీ మన ప్రాంతపు లెక్క. మా ఇరవై ఫ్లాట్లలో ఎనిమిదింటిలో ఉన్నది ముసలి దంపతులే. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. గుడివాడలో ఈ పాళ్లు ఇంకా ఎక్కువని నా స్నేహితులంటారు. మోకాళ్లు అరిగినవాళ్లు, ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లు, చెవులు వినబడనివాళ్లు. లిఫ్టు ఆగిన రాత్రి వీళ్లను ఎవరు దించాలి? ఏ అంతస్తులో ఎవరికి సాయం కావాలో రాసిన ఒక కాగితం వాచ్‌మన్ గదిలో అంటించి ఉంటే, ఫైరువాళ్లు వచ్చీరాగానే ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల ఫ్లాటులో సీసీ కెమెరాలు పెట్టించి అక్కడి నుంచి చూసుకుంటున్నారు. అదే డబ్బులో పొగను పసిగట్టి కుయ్యిమనే చిన్న అలారం నాలుగు గదులకూ వస్తుంది. ఈ మాట ఎన్నారైల చెవిన పడాలి.

గుడివాడ మల్లాయపాలెం టిడ్కో కాలనీ సంగతి విడిగా చూడండి. 8,912 ఇళ్లు, నేల అంతస్తు పైన మూడంతస్తులు. ఎత్తు తక్కువే, కానీ పాకల్లో నుంచి మొదటిసారి మెట్లున్న ఇంటికి వచ్చిన కుటుంబాలు అక్కడ ఎక్కువ. గ్యాసు వాసన వస్తే పాకలో తడిక సందుల్లోంచి పోయేది, శ్లాబింట్లో పోదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుని మంచాల కింద చేరుతుంది. స్విచ్చి వెయ్యకుండా, వేసి ఉన్న స్విచ్చి ఆపకుండా, తలుపులు తీసి రెగ్యులేటరు కట్టెయ్యాలని ఎంతమందికి తెలుసు? గ్యాసు రబ్బరు ట్యూబు ఐదేళ్లకు మార్చాలని? సిలిండరు మెడ దగ్గర పట్టీ మీద ఉండే అక్షరం, అంకె దాని పరీక్ష గడువని? పుస్తకాల్లో ఉన్న ఈ సంగతులు డ్వాక్రా సంఘాల మీటింగులో ఒక అక్క చెబితే పదిళ్లకు పాకుతాయి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పబోయి పోయిన ఫైరు సిబ్బంది జ్ఞాపకార్థం అవి. మన దగ్గర స్కూళ్లలో ప్రదర్శనలిచ్చి, కరపత్రాలు పంచుతారు, మంచిదే. వచ్చే ఏడాది ఆ వారంలో ఒక పని అదనంగా చేయించండి. ఫైరింజనును రాత్రి తొమ్మిదింటికి, బళ్లన్నీ వీధిలో నిలిపి ఉండే వేళలో, బందరు సందుల్లోకి తోలించండి. డచ్చివాళ్ల వలందపాలెం, ఫ్రెంచివాళ్ల పరాసుపేట, ఈడేపల్లి, రాజుపేట. ఓడలవాళ్ల కాలంలో ఎడ్లబండికి సరిపెట్టి వేసిన సందుల్లో ఇప్పుడు ఐదంతస్తులు లేచాయి. ఎక్కడ మలుపు తిరగలేదో, ఎక్కడ తీగ అడ్డమొచ్చిందో రాసుకోండి. బండి నిచ్చెన ఎన్నో అంతస్తు దాకా అందుతుందో జనం ముందే ఎత్తి చూపించండి. అందకపోతే అందదని తెలియడం మాకు మంచిది. బందరు రేవు పూర్తయ్యే రోజులు దగ్గరపడుతున్నాయి. రేవు వస్తే ఊరు ఇంకా ఎత్తుకు లేస్తుంది. ఇప్పుడు ఐదంతస్తులకు చెయ్యలేనిది అప్పుడు పదిహేనుకు ఎలా చేస్తాం?

ఇది మీకు రాసిన ఉత్తరమే అయినా పక్కవాళ్లు కూడా చదువుతారు కాబట్టి వాళ్లకు రెండు ముక్కలు. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. పొగ వాసన వస్తే తలుపు తీసే ముందు చేతి వెనకవైపుతో తాకి చూడండి. వేడిగా ఉన్నా, సందులోంచి పొగ వస్తున్నా తీయకండి. తలుపు కింద తడిగుడ్డ కుక్కి, పొగలేని వైపు బాల్కనీకి పోయి, 101కో 112కో ఫోను చేసి అంతస్తు, ఫ్లాటు నంబరు చెప్పండి. కిటికీ లేని బాత్‌రూములో దాక్కోకండి. మెట్లు తేటగా ఉంటేనే దిగండి. లిఫ్టు జోలికి పోకండి. పొగలో తప్పక నడవాల్సి వస్తే వంగి, నేలకు దగ్గరగా. బాల్కనీ గ్రిల్లులో ఒక చిన్న తలుపు పెట్టించి, తాళంచెవిని అక్కడే మేకుకు తగిలించండి. నేను తగిలించాను. మా ఆవిడ రెండుసార్లు దాన్ని బీరువాలోకి మార్చింది, రెండుసార్లూ నేను మళ్లీ తగిలించాను.

కలెక్టర్ గారూ, ఈ ఉత్తరానికి జవాబు రాయమని అడగను. ఒక సాయంత్రం వీలు చేసుకుని బందరులో మీకు నచ్చిన ఏదో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు రండి. లిఫ్టు ఎక్కకుండా కింది నుంచి మెట్ల మీదుగా టెర్రస్ దాకా నడవండి. వచ్చే ముందు మాత్రం కబురు పెట్టకండి. కబురందితే మెట్ల కింద స్కూటర్లన్నీ అప్పటికప్పుడు తీసి పక్క వీధిలో పెట్టేస్తారు.

ఇట్లు,
ఒక నాలుగో అంతస్తు కాపురస్థుడు,
మచిలీపట్నం